గాజుతొట్టిలో గుంపు బతుకు

మా ఇంటికి మొదటి చేపల ట్యాంకు వచ్చిన రోజు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండడుగుల ట్యాంకు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. అంచుదాకా నింపితే 56 లీటర్లు పడుతుంది. దుకాణంలో అన్నీ జత లెక్కన అమ్ముతారు కదా, పెళ్లి బంతిలో ప్రతిదీ కాస్త కాస్త వేయించుకున్నట్టు నియాన్ టెట్రాలు ఒక జత, జీబ్రా డానియోలు ఒక జత, టైగర్ బార్బులు ఒక జత, ఏంజెల్ చేపలు ఒక జత, నాలుగు ప్లాస్టిక్ కవర్లలో పట్టించుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకు తెచ్చాను. వారం తిరిగేసరికి నియాన్లు రెండూ ఫిల్టరు వెనక మూలకు చేరి అక్కడే స్థిరపడ్డాయి. జీబ్రాల్లో ఒకటి రెండోదాన్ని పొద్దస్తమానం తరుముతూనే ఉంది. టైగర్ బార్బులు ఏంజెల్ చేపల పొడుగాటి రెక్కల్ని పీలికలు చేశాయి. నీళ్లు చెడ్డాయేమోనని మార్చాను. జబ్బేమోనని నీలం మందు వేశాను. కొట్టతనికి ఫోన్ చేస్తే, "ఇంకో రెండు మూడు జతలు తీసుకెళ్లండి సార్, సెట్టయిపోతాయి" అన్నాడు. అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకుని పెట్టేశాను. అతను చెప్పినదాంట్లో సగం నిజముందని తెలియడానికి చాలాకాలం పట్టింది.

జత అనగానే మనకు మగా ఆడా, కాపురం గుర్తొస్తాయి. ఏంజెల్ చేపకు ఆ బొమ్మ కొంతవరకు సరిపోతుంది. అది జత కట్టి, చోటు చూసుకుని, గుడ్లు కాస్తుంది. నియాన్ టెట్రాకు కాపురమంటూ లేదు. గుడ్లు ఆకుల మధ్య చల్లేసి పోతుంది, వీలైతే తన గుడ్లు తానే తినేస్తుంది. దానికి ఇల్లూ వాకిలీ అన్నీ గుంపే. ఆ గుంపు అంటే ఏమిటి, ఎందుకు, ఎందరుంటే గుంపు అన్న ప్రశ్నల మీద ఎనభై ఏళ్లు దాటిన పరిశోధన ఉంది. అందులో ఎక్కువ భాగం పెద్ద జలాశయాల్లో కాక మన ట్యాంకుల్లాంటి గాజుతొట్లలోనే, మనం కొనే చేపల మీదే జరిగింది.

ముందు మాటల సంగతి. నీళ్లలో నాలుగు చేపలు ఒకచోట కనిపిస్తే మనం గుంపు అనేస్తాం. చేపల నడతను చదివేవాళ్లు దీన్ని రెండుగా విడదీస్తారు. 1983లో టోనీ పిచర్ నిర్వచించిన తేడానే ఇప్పుడు చాలామంది పాటిస్తారు. తోటి చేపల దగ్గర ఉండాలని కోరి చేరడం ఒకటి. అలా చేరినవన్నీ ఒకే దిక్కుకు తిరిగి, ఒకే వేగంతో ఈదడం ఇంకొకటి. మొదటిది ఇంటర్వెల్ బెల్లు కొట్టాక బడి ఆవరణలో పిల్లల్లాంటిది, రెండోది ప్రేయర్ వరుస. మేత వేసినచోట మూగడం ఈ రెంటిలో ఏదీ కాదు. మొదటిదాన్ని గుంపు అనీ, రెండోదాన్ని కవాతు అనీ అందాం. ట్యాంకు కొనేవాళ్లకు కావలసింది కవాతు. హాల్లో సోఫాకు ఎదురుగా యాభై చేపలు ఒక్కసారిగా మలుపు తిరగాలి, చుట్టాలు చూసి అబ్బా అనాలి. నా అభిప్రాయం దీనికి అడ్డంగా ఉంది: ఇంట్లో ట్యాంకులో కవాతు రోజుల తరబడి ఆగకుండా సాగుతుంటే మురిసిపోవడం మాని, వాటిని ఏది భయపెడుతోందో వెతకాలి.

గుంపు ఎందుకు అన్నదానికి 1971లో విలియం హామిల్టన్ ఇచ్చిన జవాబు కాస్త చేదుగా ఉంటుంది. గుండ్రటి కొలను, గట్టు చుట్టూ కప్పలు, నీళ్లలో ఒక పాము అని ఊహించుకోమన్నాడు. పాము తలెత్తినప్పుడు తనకు దగ్గరున్న కప్పను పట్టుకుంటుంది. కాబట్టి ప్రతి కప్పా మరో రెండు కప్పల మధ్య సందులోకి గెంతుతుంది. ఎవరికీ ఐకమత్యం పట్టలేదు, ఎవరి ప్రాణం వాళ్లు చూసుకున్నారు, చివరికి అందరూ ఒక్కచోట కుప్పపడ్డారు. మూడేళ్ల తర్వాత, 1974లో, నీల్, కలెన్ అనే ఇద్దరు దీన్ని మరో వైపునుంచి పరీక్షించారు. పైక్, పెర్చ్ అనే వేటచేపలకూ, స్క్విడ్, కటిల్‌ఫిష్‌లకూ చిన్న చేపల్ని ఒక్కటిగా, ఆరుగా, ఇరవైగా అందించారు. గుంపు పెరిగేకొద్దీ వేట తప్పింది. ఇరవై కదులుతుంటే దేన్ని పట్టాలో తేల్చుకోలేక వేటగాడి చూపు చెదిరిపోతుంది. 2012లో వచ్చిన ప్రయోగం ఇంకా తమాషాగా ఉంటుంది: బ్లూగిల్ సన్‌ఫిష్ ముందు తెర మీద వెలుగుచుక్కల్ని ఆడించారు. కొన్ని చుక్కలు విడివిడిగా తిరుగుతాయి, కొన్ని కలిసికట్టుగా సాగుతాయి. వీడియో గేమ్ ఆడుతున్నట్టు చేప చుక్కల మీదికి దూకింది. కలిసి సాగిన చుక్కలే ఎక్కువ తప్పించుకున్నాయి.

చూపు చెదరాలంటే అన్నీ ఒకేలా ఉండాలి. 1986లో మిన్నోలనే వెండిరంగు చిన్న చేపల్లో ఒకటి రెంటికి నీలం రంగు వేసి బాస్ అనే వేటచేప ముందు వదిలితే వేట సులువైపోయింది. ఇది చదివినప్పుడు నాకు ఫెంగ్‌షూయి గుర్తొచ్చింది. ఇంట్లో ఎనిమిది బంగారు చేపలూ ఒక నల్ల చేపా ఉంచుకోవాలని, కీడేదైనా వస్తే ఆ నల్లది మీద వేసుకుంటుందని అంటారు. అదృష్టం సంగతి నాకు తెలీదు గానీ, ట్యాంకులోకి వేటచేప వస్తే మాత్రం మొదట పోయేది ఆ నల్లదే.

భయం ఎంతుంటే గుంపు అంత బిగుస్తుందనడానికి ట్రినిడాడ్ గప్పీలను మించిన సాక్ష్యం లేదు. దోమల కోసం మన బావుల్లో, మురుగుకాలవల్లో వదులుతారే, ఆ గప్పీయే. ఆ దీవి ఉత్తర కొండల్లో జలపాతాలకు దిగువన పెద్ద వేటచేపలుంటాయి, ఎగువకు అవి ఎక్కలేవు. దిగువ గప్పీలు దగ్గర దగ్గరగా తిరుగుతాయి. ఎగువవి చెదిరిపోయి ఎవరి మేత అవి ఏరుకుంటాయి, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి కూడా. ఆన్ మగుర్రన్, సెగర్స్ వంటివాళ్లు దశాబ్దాలపాటు ఈ వాగుల వెంట తిరిగి చూపించినదేమంటే ఈ తేడా కొంత పుట్టుకతోనే వస్తుందని. జాతి ఒకటే, వాగు ఒకటే. మధ్య ఒక జలపాతం. దాన్నిబట్టి చూస్తే మన ట్యాంకు ఎగువ వాగు లాంటిది. వేటగాడు లేడు. అక్కడ గుంపు వదులుగా ఉండాలి. వదులుగా లేదంటే చేపలకు ఇంకా దిగువ వాగులోనే ఉన్నట్టు తోస్తోందన్నమాట: పైన వెలుగు మరీ ఎక్కువ, దాక్కోవడానికి ఆకు లేదు, పక్కనే పెద్ద చేప, లేదా గాజు మీద దరువేసే పిల్లవాడు.

కవాతు ఎలా సాగుతుందన్నది వేరే కథ, ఇక్కడ శాస్త్రం కొన్నిసార్లు మాట మార్చుకుంది. 1976లో పిచర్, పార్ట్రిడ్జ్, వార్డిల్ కలిసి సెయిత్ అనే సముద్రపు చేపల కళ్లకు గంతలు కట్టి గుంపులో వదిలారు. అవి తడబడకుండా కలిసి ఈదాయి. పక్కచేప తోక కదిపినప్పుడు నీళ్లలో పుట్టే ఒత్తిడిని ఒంటి పక్కన బారుగా ఉండే పార్శ్వరేఖ పసిగడుతుంది. చూపు కలిపి ఉంచుతుంది, స్పర్శ ఎడం చూసుకుంటుంది అని అప్పట్నుంచి చెప్పుకుంటున్నారు. ట్యాంకుల్లో అమ్మే గుడ్డి గుహచేపలు ఈ కథకు మరో కొస. మెక్సికో గుహల్లో కళ్లు పోగొట్టుకున్న ఆ టెట్రాలు గుంపు కట్టడం కూడా మానేశాయి. 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం చూపు పోవడమొక్కటే కారణం కాదు, చూపుతో సంబంధం లేని మార్పులు కూడా ఉన్నాయి. గుహలో వేటగాడు లేడు, మేత అరకొర. నలుగురూ ఒకచోట చేరితే ఆకలే.

1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ కంప్యూటర్ తెర మీద మూడు సూత్రాలతో గుంపును ఆడించి చూపించాడు: పక్కవాడిని గుద్దుకోకు, పక్కవాడు ఎటు తిరిగితే అటు తిరుగు, మధ్యకు జరుగు. సినిమాల్లో గబ్బిలాల గుంపులూ పక్షుల గుంపులూ ఆ దారినే వచ్చాయి. బొమ్మ బాగుంది కాబట్టి చేప తలలోనూ ఇవే మూడు సూత్రాలుంటాయని చాలామంది అనుకున్నారు. 2011లో రెండు బృందాలు, ఒకటి గోల్డెన్ షైనర్లనే చేపలను, ఇంకొకటి గాంబూసియాలనే చేపలను, ఫిల్ము మీద క్షణక్షణం కొలిచి చూస్తే రెండో సూత్రానికి గట్టి ఆధారమే దొరకలేదు. ముందున్నదాన్ని అందుకోవడానికి వేగం పెంచడం, మరీ దగ్గరైతే తగ్గించడం, ఇంతలోనే దిక్కు కలిసిపోతోంది. ఆ తర్వాత ఫ్రాన్సులో గై టెరొలాజ్ బృందం మన దుకాణాల్లో దొరికే ఎర్రముక్కు టెట్రాలనే గుండ్రటి తొట్టిలో ఐదేసి చొప్పున ఈదించింది. ఒక్కో చేప చుట్టూ ఉన్నవాటన్నిటినీ లెక్కలోకి తీసుకోనక్కరలేదు, ఆ క్షణాన తన మీద ఎక్కువ ప్రభావం చూపే ఒకటి రెండు పొరుగుచేపల్ని పట్టించుకుంటే కవాతు నిలుస్తుందని 2020లో తేల్చారు.

ఇది చదివాక నేను ఎర్రముక్కు టెట్రాల ముందు స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. అవి నదిలా జారవు. ఒక్క తోక విదిలింపు, ఒక జారుడు, మళ్లీ విదిలింపు. ప్రతి విదిలింపు దగ్గరా చేప కొత్తగా తేల్చుకుంటుంది, ఎటు అని. దూరంనుంచి చూస్తే ఒక్క ఒళ్లుగా కనిపించే మలుపు, దగ్గరనుంచి చూస్తే అర సెకను పాటు సాగే పుకారు. మొదట ఒకటి తిరుగుతుంది, దాని పక్కది, దాని పక్కది. రెండు చేపలు ప్రతిసారీ ఆలస్యం. ఆ రెండూ ప్రతిసారీ అవే అయివుంటాయని నా అనుమానం గానీ గుర్తుపట్టడం నా వల్ల కాలేదు. అన్నట్టు, ఈ జాతి ఒక్కటీ నా వాదనకు కొంచెం మినహాయింపు. స్థిమితపడ్డాక కూడా అది మిగతా టెట్రాలకంటే ఎక్కువగా కలిసే తిరుగుతుంది.

భయానికి వాసన కూడా ఉంది. 1930ల్లో కార్ల్ ఫాన్ ఫ్రిష్, తేనెటీగల నృత్యభాషతో పేరొంది 1973లో నోబెల్ పంచుకున్న మనిషే, ఒక మిన్నోను గుర్తుపట్టడం కోసం దాని తోక దగ్గర నరం తెంపి, ఆ భాగం నల్లబడ్డాక గుంపులోకి వదిలాడు. మిగతావన్నీ బెదిరి పారిపోయాయి. వెతుక్కుంటూ పోతే తేలిందేమంటే, తెగిన చర్మంనుంచి నీళ్లలోకి ఏదో దిగుతుంది, అది తగిలితే తోటి చేపలకు ప్రాణభయం. కార్పులు, బార్బులు, డానియోలు, రాస్బోరాలు, టెట్రాలు, కోరీడోరాలు, అన్నీ ఈ వాసనకు లొంగే తెగలోవే. అంటే గుంపు చేపలని మనం కొనేవాటిలో ముప్పాతికపైన. వలకర్రతో ఒక్క టెట్రాను కోసుకుపోయేలా పట్టినా తక్కినవి రోజంతా అడుగున బిక్కచచ్చి ఉండడం అందుకే. మనం కారణం నీళ్ల నాణ్యతలో వెతుకుతాం. ఈ భయానికి విరుగుడు కూడా గుంపే. 2017లో పోర్చుగల్‌లో చేసిన ప్రయోగంలో ఆ భయపు వాసన తగిలిన జీబ్రా డానియోకు గాజు అవతల తోటి డానియోల గుంపు కనిపిస్తే చాలు, కొయ్యబారిపోవడం తగ్గింది.

ఇప్పుడు ఎన్ని అన్న ప్రశ్న. "కనీసం ఆరు" అన్న మాట ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఏ ఒక్క ప్రయోగమూ ఆరును కనిపెట్టలేదు. పెంపకందార్ల అనుభవంలోంచి నిలిచిన అంకె అది, చెడ్డదేం కాదు. దీనికి దగ్గరగా వచ్చిన కొలత 2010లో బ్రిటన్‌లో జరిగింది. నియాన్ టెట్రాలు, వైట్‌క్లౌడ్ మిన్నోలు, టైగర్ బార్బులు, ఏంజెల్ చేపలు: నేను కవర్లలో తెచ్చుకున్న వాటిలో మూడు అందులో ఉన్నాయి. ఒంటరిగా, రెండుగా, ఐదుగా, పదిగా ఉంచి చూశారు. నియాన్లూ మిన్నోలూ సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువగా కలిసి తిరిగాయి, కలహాలు తగ్గాయి. రెండు అన్నది చాలా చేపలకు ఒంటరితనం కంటే మెరుగేం కాదు. ఇద్దరే ఉంటే ఒకడు కొట్టేవాడు, ఇంకొకడు తినేవాడు. మా జీబ్రాల కథ అదే. పదిమందిలో ఆ రౌడీ ఒక్కడినే పట్టుకుని తరమలేడు. తరిమేలోపు మరొకడు అడ్డొస్తాడు. టైగర్ బార్బులకైతే కొరకడమే సంఘజీవితం. పది ఉంటే వాటిలో అవి కొరుక్కుంటాయి, రెండే ఉంటే ఏంజెల్ రెక్కలు దొరుకుతాయి. పెద్ద గుంపులో కూడా వాటి పక్కన పొడుగు రెక్కల చేపను ఉంచమని నేను ఎవరికీ చెప్పను.

చేపకు ఈ లెక్క తెలుస్తుందా? కొంత తెలుస్తుంది. ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ అగ్రిల్లో బృందం గాంబూసియాలకు రెండు పక్కలా రెండు గుంపులు చూపిస్తే అవి పెద్ద గుంపు వైపు వెళ్లాయి. నాలుగు లోపు ఒక్కటి తేడా ఉన్నా పోల్చుకోగలవు. అంతకు మించితే ఒకటి మరొకదానికి రెట్టింపు ఉండాలి. గుంపు పెరిగితే మేత కూడా తొందరగా దొరుకుతుందని 1982లో పిచర్, మగుర్రన్, విన్‌ఫీల్డ్ బంగారు చేపలతోనూ మిన్నోలతోనూ చూపించారు. రీబ్స్ అనే కెనడా శాస్త్రవేత్త 2000లో చేసిన పనిలో పన్నెండు షైనర్లలో మేత వేళా చోటూ తెలిసినది ఒక్కటున్నా మిగతా పదకొండును వెంటబెట్టుకుని పోగలిగింది.

సంఖ్య ఒక్కటే అయితే పని తేలిక. ఎవరన్నది కూడా ముఖ్యం. ఆరు రకాల టెట్రాలు ఒక్కొక్కటి కలిపితే ఆరు టెట్రాల గుంపు అయిపోదు. డానియోల్లో తోటివాడెలా ఉండాలన్న ఊహ చిన్నప్పుడు చుట్టూ చూసినవాళ్లనుంచే వస్తుందని 2004లో తేలింది: చారల్లేని డానియోల మధ్య పెరిగిన చారల డానియో పెద్దయ్యాక చారల్లేనివాటినే వెతుక్కుంది. గప్పీలు తోటి గప్పీలను విడివిడిగా ఎరిగి, ఎరిగినవాటినే ఎంచుకోవడానికి సుమారు 12 రోజులు పడుతుందని 1997లో గ్రిఫిత్స్, మగుర్రన్ కొలిచారు. కొత్తగా తెచ్చిన నాలుగు చేపలు పాత గుంపుకు ఎడంగా తిరుగుతున్నాయని మూడోరోజే దిగులుపడేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకుంటే చాలు. కోరీడోరాల పద్ధతి మరోలా ఉంటుంది. మీసాలతో అడుగున ఇసుక వెతికే ఈ చిన్న పిల్లిచేపలు పక్కదాన్ని ఒంటితో తట్టి పిలుస్తాయి. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం ఈ తట్టుడు కొత్తవాళ్లతో కూడా కలిసి మసలడానికి ఎలా పనికొస్తుందో చూపింది. మా ఇంట్లో మధ్యాహ్నం ఒక కోరీ నిద్రపోతున్న మరోదాన్ని మూడుసార్లు తట్టి, అది లేవకపోయేసరికి దాని పక్కనే పడుకుండిపోయింది.

కొట్టతను చెప్పని మిగతా సగం ట్యాంకు పొడవు. నాలుగు జాతులూ పదేసి చొప్పున 56 లీటర్లలో పట్టవు. ఒక్క జాతినే ఎంచుకోవాలి, అదీ చిన్నది. నియాన్ అంగుళంన్నర దాటదు, డానియో కూడా దాదాపు అంతే గానీ పరుగు ఎక్కువ, దానికి లోతు కంటే పొడవు కావాలి. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు కొనే మిస్ కేరళ పెరిగితే 15 సెంటీమీటర్లు. పడమటి కనుమల వాగుల్లోదైన ఆ ఎర్రచార బార్బు ఎగుమతికి విపరీతంగా పట్టడం వల్ల కూడా అడవిలో తగ్గిపోయి ప్రమాదపు జాబితాకెక్కింది. రెండడుగుల్లో దాన్ని ఆరు ఉంచడం ఆర్టీసీ బస్సు ఫుట్‌బోర్డు మీద కాపురం పెట్టించడమే.

జీబ్రా డానియో సంగతి వచ్చింది కాబట్టి: ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఉన్న ఈ చేప మన ఉపఖండందే. 1822లో గంగానది చేపల మీద పుస్తకం రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. డానియో అన్న పేరు బెంగాలీ 'ధాని' నుంచి, అంటే వరిపొలానిది. మన ధాన్యానికి చుట్టం. ఆరెగాన్‌లో జార్జ్ స్ట్రైసింగర్ 1981లో దాన్ని జన్యుశాస్త్రంలోకి లాక్కెళ్లాక అది ప్రయోగశాల బల్ల మీద గూళ్లలో బతకడం మొదలైంది. దాన్ని మళ్లీ దాని ఊళ్లో, మన దేశపు వాగుల్లో చూసినవాళ్లకు ఒకే జాతి నీటినిబట్టి మారడం కనిపించింది: నెమ్మది నీళ్లలో చిన్న వదులు గుంపులు, వడిగా పారేచోట పెద్ద బిగుతు గుంపులు. పంటకాలవ తూము దగ్గర పరిగెలను చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఎండలో అవి తలా ఒక దిక్కుకు తిరిగి పాచి గిల్లుతుంటాయి. కొంగ నీడ పడితే క్షణంలో ఒక్క వెండి బెత్తెమవుతాయి. నీడ పోయాక మళ్లీ విడిపోతాయి.

చివరికి ఆ మొదటి ట్యాంకులోకి నియాన్లు పన్నెండు తెచ్చి, అందులోని మిగతా జాతులన్నీ తెలిసినవాళ్లకు ఇచ్చేశాను. మొదటి పదిరోజులు చక్కటి కవాతు చేశాయి, చూడ్డానికి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. నాచు దట్టంగా పెరిగి, పైన తేలే మొక్కలు పరుచుకున్నాక కవాతు సన్నగిల్లింది. ఇప్పుడు ఒకటి ఫిల్టరు పాయకు ఎదురీదుతూ ఉంటుంది, రెండు మగవి రెక్కలు విప్పి పక్కపక్కన నిలబడి బెదిరించుకుంటాయి, ఇంకొకటి రాయి పక్కన తన జానెడు జాగాకు ఎవరినీ రానివ్వదు. చుట్టాలు ఇప్పుడు పెద్దగా ఆగి చూడరు. రాత్రి కరెంటు పోయిన ఒకసారి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. చీకట్లో నియాన్ తన నీలిచారను ఆర్పేసుకుంటుంది. పన్నెండూ రంగు వెలిసి, పన్నెండు చోట్ల, ఒకదానికొకటి సంబంధం లేనట్టు నీళ్లలో వేలాడుతున్నాయి. లైటు తగలగానే అన్నీ మధ్యకు వచ్చేశాయి.